తొలి కాన్పుకు మనసును ఎలా సిద్ధం చేసుకోవాలి? విశాఖలో అనుభవం ఉన్నవారు చెప్పండి

కొమ్మాది గాలి (ఆదివారం, రాత్రి 11:20)

అందరికీ నమస్కారం. నాకు 34వ వారం నడుస్తోంది. తొలి కాన్పు. కొమ్మాదిలో ఉంటున్నాం. మావారిది సరుకు ఓడలో ఉద్యోగం. ఆయన దిగే తేదీ, నాకు నెలలు నిండే తేదీ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి సమయానికి వస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. స్కానింగులు, రక్త పరీక్షలు అన్నీ బాగున్నాయి. బీపీ లేదు, షుగర్ లేదు. డాక్టరుగారు "అంతా బాగుందమ్మా" అంటారు, నేను అడగాలనుకున్నవన్నీ మింగేసి బయటికి వచ్చేస్తాను.

బాధంతా మనసుతోనే. సీమంతానికి వచ్చిన ప్రతి ఆవిడా గాజులు తొడిగి, తన పురిటి కథ ఒకటి చెప్పి మరీ వెళ్లింది. ఒకావిడ రెండు రోజులు నొప్పులు పడ్డారట. ఇంకొకావిడ కుట్ల గురించి చెప్పారు. మా పెద్దత్తగారైతే "కాన్పంటే చచ్చి బతకడమే తల్లీ" అని ఒక్క మాటలో తేల్చేశారు. అప్పటి నుంచి అర్ధరాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఫోనులో కాన్పు వీడియోలు చూస్తూ తెల్లవారుస్తున్నాను. చూడకపోతే భయం, చూస్తే ఇంకా భయం. ఆసుపత్రికి సంచిలో ఏమేం సర్దుకోవాలో అందరూ చెబుతున్నారు. ఈ భయాన్ని ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

ఉక్కునగరం అమ్మమ్మ (ఆదివారం, రాత్రి 11:52)

ముగ్గుర్ని కన్నాను, నలుగురు మనవల పురుళ్లు పోశాను. మా రోజుల్లో ఇంత ఆలోచన లేదమ్మా, అంత తీరికా లేదు. పొద్దున్నే నాలుగడుగులు నడువు, వేళకు తిను, పడుకునే ముందు ఇష్టదైవాన్ని తలుచుకో. ఓపిక ఉంటే ఒక గురువారం బురుజుపేట వెళ్లి కనకమహాలక్ష్మి అమ్మవారిని చూసి రా. మార్గశిరంలో మాత్రం వెళ్లకు, ఆ తొక్కిసలాట నీకు పడదు. ఇంకో మాట. కథలు చెప్పేవాళ్లు వస్తే "పొయ్యి మీద పాలు పెట్టాను" అని లోపలికి వెళ్లిపో. నేను అదే చేసేదాన్ని.

రాత్రి డ్యూటీ (సోమవారం, ఉదయం 6:15)

నేను లేబర్ రూము స్టాఫ్ నర్సుని. ఉద్యోగంలో సగం పాడేరు వైపు, సగం నగరంలో గడిచింది.

అమ్మా, ముందు ఆ వీడియోలు ఆపు. గంటల తరబడి సాగే కాన్పును మూడు నిమిషాలకు కత్తిరిస్తే అరుపులే మిగులుతాయి. నీకు పనికొచ్చేది వాళ్లు కత్తిరించి పారేసిన భాగం. నొప్పి ఏకధాటిగా ఉండదు. మొదలవుతుంది, పెరుగుతుంది, ఇక నావల్ల కాదనిపించేంత పైకి వెళ్లి, దిగిపోతుంది. బాగా ముదిరిన దశలో కూడా ఒక్కో నొప్పి ఇంచుమించు నిమిషం. 10 నిమిషాల్లో మూడు నుంచి ఐదు వస్తాయి. మధ్యలో ఉన్నదంతా ఖాళీయే. ఆ ఖాళీలో కునుకు తీసినవాళ్లను, చిన్నగా గురక పెట్టినవాళ్లను కూడా చూశాను. భయం పట్టుకున్న అమ్మాయి మాత్రం నొప్పి దిగాక కూడా మంచం ఊచ వదలదు. భుజాలు చెవుల దాకా ఎత్తుకుని, వచ్చేదాని కోసం కాచుకుని ఉంటుంది. ఒళ్లు ఎక్కువగా అలిసిపోయేది ఆ కాచుకోవడంలోనే. అందుకే నేను అందరికీ చెప్పేది ఒక్కటే: నొప్పిని ఎలా భరించాలన్నది కాదు, నొప్పి పోయాక ఒంటిని ఎలా వదిలేయాలన్నది నేర్చుకో.

సీమంతంలో విన్న "రెండు రోజుల" సంగతి. గర్భసంచి ముఖద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. మొదటి సగానికి ఇంత సమయమని లెక్క లేదు. కొందరికి కొన్ని గంటలు, కొందరికి రోజు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లో చురుకైన దశను 5 సెంటీమీటర్ల నుంచి లెక్కపెట్టారు. తొలి కాన్పులో అక్కడి నుంచి పూర్తిగా తెరుచుకోవడానికి మామూలుగా 12 గంటలు మించదు. రెండు రోజులు పడ్డానన్న ఆవిడ అబద్ధం చెప్పలేదు. కానీ అందులో చాలా భాగం ఇంట్లో తిరుగుతూ, చారన్నం తింటూ గడిపి ఉంటారు. ఆ ముక్క ఏ కథలోనూ వినపడదు.

భయపడితే ఒళ్లు బిగుస్తుంది, బిగిస్తే నొప్పి పెరుగుతుంది, పెరిగితే ఇంకా భయం. ఈ వలయం గురించి గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ఇంగ్లండు వైద్యుడు 1930లలోనే రాశాడు. అందులో నిజం ఉంది. అయితే దాన్ని పట్టుకుని "నువ్వు భయపడబట్టే నొప్పి" అనేవాళ్లను దగ్గరికి రానివ్వకు. నొప్పి నిజంగానే ఉంటుంది. ధైర్యవంతులకూ ఉంటుంది.

ఇప్పటి నుంచే రోజూ పడుకునే ముందు కాసేపు సాధన చెయ్యి. ముక్కుతో పీల్చి, ఎదురుగా ఉన్న దీపం ఆరకుండా మంట మాత్రం వంగేలా నోటితో మెల్లగా ఊదు. ఊదేటప్పుడు దవడ వదులు చెయ్యి, పిడికిళ్లు విప్పు. కాన్పు రోజున నర్సు "ఊపిరి వదులమ్మా" అంటే నీ ఒంటికి ఆ మాట పాతదై ఉండాలి.

మేడ మీద మొక్కలు (సోమవారం, ఉదయం 10:40)

రాత్రి డ్యూటీ గారు చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ చర్చంతా సహజ కాన్పు చుట్టూ తిరుగుతోంది కాబట్టి రెండో వైపు నేను చెబుతాను.

నేను యోగా, నడక, ఊపిరి సాధన అన్నీ శ్రద్ధగా చేశాను. సహజ కాన్పే అవుతుందని మనసులో రాసిపెట్టుకున్నాను. సగం దారిలో బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందని అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. పాప బంగారంలా ఉంది. నేను మాత్రం చాలా కాలం పరీక్ష తప్పినదానిలా తిరిగాను. చూడటానికి వచ్చినవాళ్లు పాపను చూడకముందే "నార్మలా, ఆపరేషనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు తల దించుకునేదాన్ని. ఎందుకు దించుకోవాలో ఇప్పటికీ అర్థం కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (2019–21) మన రాష్ట్రంలో కాన్పుల్లో సుమారు 42 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 60 శాతం దాటింది. అన్నీ అవసరమై చేసినవేనా అన్నది పెద్ద గొడవ, అది ఇక్కడ వద్దు. కానీ ఇంతమందికి జరుగుతున్నదాన్ని "నాకు జరగదు" అనుకుని సిద్ధపడటం సిద్ధపడటం కాదు.

కాబట్టి ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో కూడా ముందే తెలుసుకోండి. వెన్నులో సూది వేస్తారు, నడుము కింద మొద్దుబారుతుంది. మెలకువగానే ఉంటారు. లోపల ఎవరో లాగుతున్నట్టు, సర్దుతున్నట్టు తెలుస్తుంది కానీ నొప్పి ఉండదు. నాకు ఉన్నట్టుండి వణుకు మొదలైంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, చేతులు నా మాట వినడం లేదు. ఇక అయిపోయాననుకున్నాను. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరుగారు "చాలామందికి వస్తుందమ్మా, కాసేపట్లో తగ్గుతుంది" అన్నారు. అంతే, భయం పోయింది. వణుకు పోలేదు.

గాజువాక జనరల్ షిఫ్టు (సోమవారం, సాయంత్రం 6:05)

ఇక్కడ మగవాళ్లు రాయవచ్చో లేదో తెలియదు. మా ఆవిడకు ఏడో నెల. నేను ధైర్యంగా ఉన్నట్టు నటిస్తున్నాను, ఆవిడ నమ్మినట్టు నటిస్తోంది. లోపలికి భర్తను రానిస్తారా? రానిస్తే నేనేం చేయాలి? నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి.

రాత్రి డ్యూటీ (సోమవారం, రాత్రి 9:30)

రాయండి బాబూ, మీలాంటివాళ్లే రాయాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడు ఉండవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆ తోడు స్త్రీ అయి, తాను కాన్పు అనుభవం ఉన్నదైతే మంచిదన్నారు. లేబర్ రూములో ఒకరికొకరు కనబడకుండా ఏర్పాటు ఉన్నచోట భర్తను కూడా రానివ్వవచ్చు. ఆచరణ ఆసుపత్రిని బట్టి మారుతుంది. కేజీహెచ్ అయినా, ఘోషా ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా ముందే వెళ్లి అడగండి. ఆ రాత్రి గుమ్మం దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

లోపలికి వెళితే మీ చోటు ఆవిడ తల దగ్గర. అక్కడి నుంచి మీకు రక్తం కనబడదు. మంచినీళ్లు అందించండి, నడుము కింది భాగాన అరచేత్తో గట్టిగా అదమండి, "ఈ నొప్పి దిగుతోంది" అని చెప్పండి. "కొంచెం ఓర్చుకో" అని మాత్రం అనకండి. ఆ మాట విన్నాక భర్త చెయ్యి విసిరికొట్టినవాళ్లను చాలామందిని చూశాను. నా ఓటు ఎప్పుడూ వాళ్లకే.

కొమ్మాది గాలి (సోమవారం, రాత్రి 10:10)

అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఈ రాత్రి ఫోను పక్క గదిలో పెట్టి పడుకుంటాను.

రెండు చిక్కులు. ఒకటి, లోపలికి ఎవరిని తీసుకెళ్లాలి? అమ్మే రావాలని అమ్మ పట్టు. కానీ నాకు సూది వేస్తేనే తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. విజయనగరంలో మా పిన్ని ఉంది, నిబ్బరం గల మనిషి. తనను పిలుస్తానంటే అమ్మ రెండు పూటలు సరిగా మాట్లాడలేదు. రెండు, అత్తయ్యగారు అప్పుడే సిద్ధాంతిగారిని కలిశారు. "ఎలాగూ ఈ రోజుల్లో ఆపరేషన్లే కదా, మంచి నక్షత్రంలో చేయించుకుంటే ఈ టెన్షన్ ఉండదు" అంటున్నారు. ఆయన ఇచ్చిన తేదీకి నాకు 37 వారాలు దాటి రెండు రోజులు. నిజం చెప్పనా, నొప్పుల భయంలో ఆ మాట నాకూ ఆశగానే వినిపించింది.

ఉక్కునగరం అమ్మమ్మ (మంగళవారం, ఉదయం 5:50)

పిన్నినే తీసుకెళ్లు. ఏడ్చేవాళ్లు లోపలుంటే నువ్వు వాళ్లను ఓదార్చాల్సి వస్తుంది. మా రెండో అమ్మాయి పురిటికి నేను బయట బల్ల మీదే కూర్చున్నాను, మా తోడికోడలు లోపలికి వెళ్లింది. మనసు చివుక్కుమంది, కాదనను. మీ అమ్మతో "నువ్వు వద్దు" అనకు. "బిడ్డను తెచ్చి నీ చేతిలోనే పెట్టమంటాను, నువ్వు గుమ్మం దగ్గర ఉండాలి" అని చెప్పు. ఆవిడకంటూ ఒక చోటు చూపించు, దిగి వస్తుంది.

ముహూర్తం సంగతి నర్సమ్మగారే చెప్పాలి. నాకు ముహూర్తాల మీద నమ్మకం ఉంది, కానీ కడుపులో పండాల్సింది పండకుండా కోయకూడదు.

రాత్రి డ్యూటీ (మంగళవారం, ఉదయం 7:20)

అమ్మమ్మగారు సగం చెప్పేశారు. వైద్య కారణం లేకుండా ముందే తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్‌ను 39 వారాలు నిండకముందు చేయకూడదన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి. 37, 38 వారాల్లో, నొప్పులే మొదలవకుండా బయటికి తీసిన పిల్లల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. మంచి నక్షత్రంలో పుట్టించి, తల్లి ఒళ్లో కాకుండా పిల్లల ఐసీయూలో పడుకోబెట్టిన సందర్భాలు నాకు తెలుసు. బీపీ పెరిగినా, ఉమ్మనీరు తగ్గినా, బిడ్డ ఎదుగుదల ఆగినా డాక్టరు ముందే తీస్తారు. అది వేరు.

ఇక నీకు ఆశగా వినిపించిందన్నావు చూడు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మాట డాక్టరుగారి ముందు కూడా అను. కాన్పు అంటే విపరీతమైన భయానికి వైద్యంలో టోకోఫోబియా అని పేరే ఉంది. నిద్ర, తిండి పాడయ్యేంత భయం ఉంటే అది కూడా బీపీలాగే చెప్పుకోవాల్సిన విషయం. నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ సూది గురించి కూడా అడుగు. ఆ సూదితో జీవితాంతం నడుము నొప్పి వస్తుందని ప్రచారం ఉంది, అధ్యయనాల్లో అది రుజువు కాలేదు. అసలు ప్రశ్న, మీ ఆసుపత్రిలో అర్ధరాత్రి ఆ సూది వేసే మత్తు డాక్టరు ఉంటారా లేదా అన్నది.

మల్కాపురం క్వార్టర్స్ (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

మావారు నౌకాదళంలో. మా పెద్దాడు పుట్టినప్పుడు ఆయన సముద్రం మీద ఉన్నారు. చెల్లీ, ఆయన వస్తారన్న ఆశను ప్రణాళికలో కలపకు. రాకపోతే ఏమిటన్నది మొత్తం తేల్చి పెట్టుకో. వస్తే అది పండగ. నేను ప్రతి ఫోనుకూ ఎదురు చూస్తూ చివరి నెల కుళ్లిపోయాను. ఆ తర్వాత పక్క క్వార్టర్ అక్క ఒకరు చెప్పారు, ఆయన గొంతు ముందే రికార్డు చేసి పెట్టుకోమని. ఏమీ పెద్ద మాటలు కాదు, ఆ రోజు ఏం వండుకున్నారో చెబుతున్న సోది. నొప్పుల మధ్య అదే విన్నాను.

అన్నట్టు, ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు సంతకం నీదే చెల్లుతుంది. భర్త లేడని ఆగాల్సిన పని లేదు. అయినా ఇంట్లోవాళ్ల సంతకం కూడా అడుగుతుంటారు, అది ఎవరు పెట్టాలో ముందే అనుకోండి.

పేరు వద్దు (మంగళవారం, రాత్రి 11:45)

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇలాంటివి చదవలేని స్థితిలో ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ దాటేయండి.

నా మొదటి బిడ్డ ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. రెండోసారి నిలిచాక నేను నోరు తెరిస్తే చాలు, "శుభమా అని ఉన్నప్పుడు ఆ మాటలెందుకు" అని ఆపేసేవారు. లోపల మాత్రం రోజూ అదే మాట. చివరికి డాక్టరుగారే మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆవిడ నాకు ధైర్యం చెప్పలేదు. కూర్చోబెట్టి మొదటి బిడ్డ గురించి అడిగారు. అలా అడిగిన మొదటి మనిషి ఆవిడే. బాబుకు ఇప్పుడు రెండేళ్లు.

డాక్టరు దాకా వెళ్లలేని రాత్రి ఉంటే టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ప్రభుత్వానిది, 2022లో పెట్టారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే "రేపు చూద్దాం" అనుకోకండి. ఆ పూటే వెళ్లండి, ఏమీ లేదని పంపించేసినా సరే.

మేడ మీద మొక్కలు (బుధవారం, ఉదయం 9:15)

పేరు వద్దు గారూ, మీరు రాసినందుకు మేలు జరిగింది.

కాన్పు తర్వాత రోజుల గురించి కూడా ఒక మాట. మూడో రోజు నుంచి ఏ కారణమూ లేకుండా ఏడుపు వస్తుంది. కాయం చేదుగా ఉందని ఏడ్చాను, పాప నిద్రపోతోందని కూడా ఏడ్చాను. అది చాలామందికి వచ్చి రెండు వారాల లోపు పోతుంది. పోకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, బతకాలనిపించకపోతే అది బాలింత నీరసం కాదు, చికిత్స ఉన్న జబ్బు. పథ్యం పెట్టే మనిషికి ఈ తేడా ముందే చెప్పి ఉంచండి. ఆ సమయంలో మీకు మీరు గుర్తుపట్టలేరు.

కొమ్మాది గాలి (శుక్రవారం, సాయంత్రం 7:40)

ఇవాళ డాక్టరుగారిని కలిశాను. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లి, కూర్చోగానే బల్ల మీద పెట్టేశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. తోడుగా ఒక స్త్రీని రానిస్తారట. ఎపిడ్యూరల్ కావాలంటే చేరేటప్పుడే చెప్పాలి, రాత్రిపూట మత్తు డాక్టరును ఇంటి నుంచి పిలిపిస్తారు కాబట్టి ఆలస్యం కావచ్చు. నొప్పులప్పుడు మంచం మీదే పడుకోనక్కర్లేదు, వరండాలో నడవవచ్చు. ముహూర్తం మాట ఎత్తగానే ఆవిడ నవ్వి, "39 నిండాక నాకు చెప్పమనండి, అప్పటిదాకా బిడ్డ ముహూర్తం బిడ్డే చూసుకుంటుంది" అన్నారు. అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక సిద్ధాంతిగారికి ఫోను చేసి, 39 దాటాక ఏమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. అది నా వరకు విజయమే.

భయం పోలేదు. కానీ ఇదివరకు భయం మొత్తంగా ఒకేసారి మీద పడేది, ఇప్పుడు ఒక్కో ప్రశ్నగా వస్తోంది. ఈ రాత్రి ప్రశ్న, ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలి? మా ఆసుపత్రి మహారాణిపేటలో. దొంగ నొప్పులకు పరుగెత్తి వెనక్కి రావడం ఇష్టం లేదు, దారిలో కనడం అంతకంటే ఇష్టం లేదు.

రాత్రి డ్యూటీ (శనివారం, ఉదయం 6:40)

దొంగ నొప్పులు ఒక లెక్కలో రావు. లేచి నడిస్తేనో, పడుకుంటేనో తగ్గిపోతాయి. అసలువి ఏం చేసినా దగ్గర పడుతూ, గట్టిపడుతూ ఉంటాయి. తొలి కాన్పుకు 5 నిమిషాలకు ఒకటి చొప్పున, ఒక్కోటి నిమిషం దాకా, ఒక గంట పాటు అలాగే వస్తే బయలుదేరు. నువ్వు దూరంగా ఉన్నావు, సాయంత్రమైతే హనుమంతవాక, మద్దిలపాలెం దగ్గర ఇరుక్కుంటావు, కాబట్టి కాస్త ముందే కదిలినా నష్టం లేదు. వెనక్కి పంపితే పంపనీ, మేమెవరమూ నవ్వుకోం.

ఈ లెక్క చూడకుండా వెంటనే రావాల్సినవి: ఉమ్మనీరు పోవడం, అది ఆకుపచ్చగా ఉంటే మరీ తొందర. రక్తం పోవడం. కదలికలు తగ్గడం. తలనొప్పితో చూపు మసకబారడం. బండి దొరకకపోతే 108. ఆసుపత్రికి రాత్రిపూట ఏ గేటు తెరిచి ఉంటుందో మీ పిన్నిని ఒకసారి తీసుకెళ్లి చూపించు. ఫైలు, ఆధార్, రక్తం గ్రూపు కాగితం ఎక్కడున్నాయో నీకు కాదు, ఆవిడకు తెలియాలి.

కొమ్మాది గాలి (శనివారం, ఉదయం 8:05)

పిన్ని మంగళవారం దిగుతోంది. అమ్మ కూడా తనతోనే వస్తుందట, గుమ్మం దగ్గర కుర్చీ ఉంటుందా అని అడిగింది.

ఉక్కునగరం అమ్మమ్మ (శనివారం, ఉదయం 8:20)

కుర్చీ ఉండదు, బల్లే. అది కూడా అంతా ఆక్రమించుకుని ఉంటారు. చాప ఒకటి తెచ్చుకోమను. ఫ్లాస్కు కూడా.